రన్ అంటే ఒక్క పరుగేనా

“రన్ అంటే ఏమిటి?” అని అడిగితే అప్పుడే ఇంగ్లిషు మొదలుపెట్టిన పిల్లలు కూడా తడుముకోకుండా “పరుగెత్తడం” అంటారు. అది తప్పు కాదు. కాకపోతే ఆ ఒక్క అర్థాన్నే పట్టుకుని ఇంగ్లిషు పత్రిక చదవబోతే మొదటి పేజీలోనే చిక్కు వస్తుంది. అక్కడ ముక్కు రన్ అవుతుంది, కంపెనీ రన్ అవుతుంది, రోడ్డు నది పక్కన రన్ అవుతుంది, ఒక జబ్బు కుటుంబంలో రన్ అవుతుంది, ఇద్దరు అభ్యర్థులు ఒకే పదవికి రన్ చేస్తారు. వీటిలో ఎవరికీ కాలు కదిపే పని లేదు.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీలో అతి పొడవైన ఎంట్రీ చాలాకాలం ‘సెట్’ అనే మాటది. 1989లో వచ్చిన రెండో కూర్పులో దానికి 430 అర్థాలు ఇచ్చారు. ఆ నిఘంటువును తిరగరాసే పని సాగుతుండగా 2000లో ‘మేక్’, 2007లో ‘పుట్’ దాన్ని దాటిపోయాయి. 2011లో ‘రన్’ వంతు వచ్చింది. క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి. ఆ ఒక్క క్రియను తేల్చడానికి పీటర్ గిలివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది.

645 అర్థాలూ ఎవరూ బట్టీ పట్టరు, పట్టనక్కర్లేదు కూడా. వాటి వెనక ఉన్న ఊహ ఒక్కటే: ఒక దారి వెంట ఆగకుండా సాగిపోవడం. మనిషి నేల మీద సాగితే పరుగు, నీరు పల్లానికి సాగితే పారుదల, యంత్రం ఆగకుండా తిరిగితే నడక, గీత ఒక చివరి నుంచి ఇంకో చివరికి సాగితే పొడవు, గడువు సాగితే చెల్లుబాటు. ఇంగ్లిషు వీటన్నిటికీ ఒకే మాట వాడుకుంది. తెలుగు ఒక్కోదానికి ఒక్కో మాట పెట్టుకుంది. కాబట్టి “రన్‌కి తెలుగేమిటి?” అన్న ప్రశ్నకు జవాబు ఉండదు. “ఇక్కడ రన్ అవుతున్నది ఏమిటి?” అన్న ప్రశ్నకు మాత్రం ప్రతిసారీ ఉంటుంది.

మనకూ ఉంది అలాంటి మాట

ఈ మాట వేరు చూస్తే సగం అయోమయం పోతుంది. పాత ఇంగ్లిషులో ఇది ‘రిన్నన్’. అప్పట్లోనే పరుగెత్తడం, ప్రవహించడం రెండూ ఇందులో కలిసి ఉన్నాయి. దాని చుట్టమైన జర్మన్ భాషలో ఇవి రెండు క్రియలుగా విడిపోయాయి: ‘రెన్నెన్’ అంటే పరుగెత్తడం, ‘రిన్నెన్’ అంటే సన్నగా పారడం, కారడం. ఇంగ్లిషులో విడిపోలేదు. అంటే నీళ్ళు రన్ అవడం మనిషి పరుగును చూసి అల్లిన పోలిక కాదు, మొదటినుంచీ ఉన్న అర్థమే.

మన ‘పారు’ కూడా సరిగ్గా ఇలాంటిదే. బండి ‘ఱ’తో ‘పాఱు’ అని రాసిన రోజుల్లో దానికి పరుగెత్తడం, ప్రవహించడం రెండూ అర్థాలే. పరుగు అర్థం ఈనాడు ‘పారిపోవు’లో మిగిలింది. ప్రవాహం అర్థం ఏరు పారడంలో, నీటిపారుదలలో ఉంది. ఎంత దూరం సాగిందో చెప్పడానికి ‘చూపు పారినంత మేర’ అంటాం. పని నెరవేరకపోతే ‘పాచిక పారలేదు’ అంటాం. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారడానికి ‘నల్లబారింది’, ‘మొద్దుబారింది’, ‘తెల్లవారింది’ అంటాం. ఆ ‘బారు’, ‘వారు’ కూడా ఈ పారే, సంధిలో రూపు మారింది. పరుగు, ప్రవాహం, విస్తీర్ణం, నెరవేరడం, మారడం: ‘రన్’ ఎన్ని కొమ్మలేసిందో మన ‘పారు’ కూడా దాదాపు అన్నీ వేసింది. తేడా ఎక్కడంటే, యంత్రాలూ సంస్థలూ వచ్చేనాటికి మన ‘పారు’ వెనక్కి తగ్గింది. ‘నడుచు’, ‘ఆడు’ ఆ చోటు తీసుకున్నాయి. ఇంగ్లిషులో రైళ్ళు, మిల్లులు, కరెంటు, కంప్యూటర్లు వచ్చిన ప్రతిసారీ ‘రన్’ మరో మెట్టు ఎక్కింది. ఇది గమనిస్తే ‘రన్’ పరాయి వింతగా కనబడదు.

మూడు ప్రశ్నలు

ఒక వాక్యంలో ‘రన్’ ఎదురైతే వరసగా మూడు సంగతులు చూడాలి. మొదటిది, కర్త ఏమిటి: ప్రాణా, ద్రవమా, యంత్రమా, సంస్థా, గీతా, గడువా? రెండోది, దానికి కర్మ ఉందా? ఉంటే ‘రన్’ దాదాపు ఎప్పుడూ ‘నడుచు’ కాదు, ‘నడుపు’. ‘పారు’ కాదు, ‘పారించు’. మూడోది, దాని వెనక ‘అవుట్’, ‘ఓవర్’, ‘ఇంటు’ లాంటి చిన్న మాటేదైనా ఉందా? అలాంటిది ఉంటే మొదటి రెండు ప్రశ్నలూ పక్కకు పోతాయి. ఆ జంటనే ఒక కొత్త మాటగా చూడాలి.

మూడూ చూశాక తెలుగుకి తొందరపడకుండా ముందు ఇంగ్లిషులోనే ‘రన్’ తీసేసి దాని పర్యాయపదం ఒకటి పెట్టి చూడండి. ‘ఫ్లో’ సరిపోయిందా, ‘ఆపరేట్’ సరిపోయిందా, ‘ఎక్స్‌టెండ్’ సరిపోయిందా, ‘లాస్ట్’ సరిపోయిందా? అక్కడ ఏది కుదిరితే దానికి తెలుగు వెతకడం చాలా తేలిక. అనువాదంలో జరిగే తప్పుల్లో ఎక్కువ ఈ మధ్య మెట్టు దాటేయడం వల్లే జరుగుతాయి.

కాళ్ళతో పరుగు

ఇది అందరికీ తెలిసిన అర్థమే అయినా ఒక కచ్చితమైన గీత చెప్పుకోవాలి. నడకలో ఎప్పుడూ ఒక పాదమైనా నేల మీద ఉంటుంది. పరుగులో ప్రతి అడుగుకీ మధ్య రెండు పాదాలూ గాలిలో ఉండే క్షణం ఒకటుంటుంది. వేగం కాదు, ఆ క్షణమే తేడా. అందుకే నడక పోటీల్లో ఎంత వేగంగా వెళ్ళినా ఫరవాలేదు గానీ రెండు పాదాలూ ఒకేసారి నేలను వదిలినట్టు కంటికి కనబడితే తప్పు పడుతుంది.

పర్యాయపదాల్లో ‘స్ప్రింట్’ అంటే ఉన్న శక్తంతా పెట్టి కొద్ది దూరం పరుగెత్తడం. ట్రాక్ మీద 100, 200, 400 మీటర్లు దాని కిందికి వస్తాయి. ‘జాగ్’ ఆయాసపడకుండా మెల్లగా పరుగెత్తడం. ‘డ్యాష్’లో దూరం తక్కువ, తొందర ఎక్కువ. ‘బోల్ట్’లో అదిరిపడి ఒక్క ఉదుటున లంఘించడం ఉంది. ‘ఫ్లీ’లో భయం ఉంది. ‘గ్యాలప్’ గుర్రం దౌడు. తెలుగులో ఇవన్నీ ఉన్నాయి, కాకపోతే మనకు తేడా అంతా తీరులో కనబడుతుంది: ఉరకడం, లగెత్తడం, దౌడు తీయడం, తుర్రుమనడం, ఉడాయించడం, పిక్కబలం చూపించడం, కాలికి బుద్ధి చెప్పడం. భయపడి పారిపోయినవాణ్ణి ‘వేగంగా పరుగెత్తాడు’ అని రాస్తే భయం జారిపోతుంది. ‘కాలికి బుద్ధి చెప్పాడు’ అంటే నిలుస్తుంది.

క్రికెట్లో ‘రన్’ ఇక్కడి నుంచి వచ్చిందే. రెండు పాపింగ్ క్రీజుల మధ్య, అంటే పరుగు కోసం బ్యాటర్లు చేరాల్సిన రెండు గీతల మధ్య, దూరం 58 అడుగులు. బ్యాటర్లిద్దరూ ఒకరినొకరు దాటి అవతలి గీత చేరితే ఒక పరుగు. బంతి బౌండరీ దాటినప్పుడు అడుగు కదలకపోయినా నాలుగు ‘పరుగులే’ అంటాం. అప్పటికి ఆ మాట పనిని వదిలి లెక్కకు పేరైపోయింది. పరుగెత్తినా అవతల గీత లోపల బ్యాటు ఆనించకుండా వెనక్కి తిరిగితే అది ‘షార్ట్ రన్’. ఆ పరుగు లెక్కలోకి రాదు.

ద్రవాలు: తెలుగు ఇక్కడ ఇంగ్లిషు కంటే నిక్కచ్చి

ఏరు, కుళాయి, ముక్కు, కన్ను, సిరా, కొత్తబట్ట రంగు, కరిగిన మైనం: ఇంగ్లిషులో వీటన్నిటికీ ‘రన్’ సరిపోతుంది. తెలుగులో ఒకదానికి వాడింది ఇంకోదానికి వాడితే వెంటనే చెవికి తగులుతుంది. నది ప్రవహిస్తుంది, కాలవ పారుతుంది. ముక్కు కారుతుంది. కన్నీళ్ళు కారతాయి, ఎక్కువైతే ధార కడతాయి. మైనం కరిగి కారుతుంది. నిలువు గోడకు రంగు దట్టంగా వేస్తే అది ఆరేలోపు కిందికి జారి చారలు కడుతుంది. రంగులేసేవాళ్ళు ఇంగ్లిషులో దాన్నీ ‘రన్’ అనే అంటారు. ఒకేసారి దట్టంగా పూయడం, రంగు మరీ పల్చన చేయడం, ఈ రెండే దానికి ముఖ్య కారణాలు. పల్చటి పూత మీద అది ఆరాక మరో పూత వేస్తే జారదు.

బట్ట విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఉతికినప్పుడు రంగు నీళ్ళలోకి వస్తే అది ‘రన్’: తెలుగులో రంగు దిగింది అంటాం. ఆ దిగిన రంగు పక్క బట్టకు పడితే రంగు అంటింది. ఎండకో వాడకానికో మెల్లగా తగ్గితే అది ‘ఫేడ్’: రంగు వెలిసింది. ఈ మూడింటినీ కలిపి ‘రంగు పోయింది’ అనేస్తే చదివేవాడికి ఏం జరిగిందో తెలియదు. దిగే రంగుకు మందు విడిగా ఉతకడం, వెలిసే రంగుకు మందు నీడన ఆరేయడం. మాట తప్పితే సలహా కూడా తప్పుతుంది. కాగితం తడిసి సిరా రన్ అయితే అది దిగడమూ కాదు, కారడమూ కాదు, అలుక్కుపోవడం.

కుళాయి సంగతి మరీ ఆసక్తిగా ఉంటుంది. కుళాయి రన్ అవుతూ ఉండగా వదిలేశారంటే తెలుగులో క్రియ నీళ్ళది కాదు, మనిషిది: ‘కుళాయి కట్టకుండా వదిలేశారు’. స్నానానికి టబ్బులోకి నీళ్ళు రన్ చేయడమంటే నీళ్ళు పట్టడం. జ్వరం కూడా ఇంగ్లిషులో రన్ అవుతుంది. మనకు జ్వరం కాస్తుంది.

యంత్రాలూ సంస్థలూ: నడక, ఆట

ఇంగ్లిషువాళ్ళకు పరుగెత్తేవన్నీ మనకు నడుస్తాయి. బస్సు నడుస్తుంది, ఫ్యాక్టరీ నడుస్తుంది, బడి నడుస్తుంది, కేసు నడుస్తుంది. హిందీలో ‘చల్నా’ కూడా ఇంతే. తమిళంలో మాత్రం బండీ సినిమా కూడా ‘ఓడు’తాయి, అంటే పరుగెత్తుతాయి. మూడు భాషల్లో ఒకే యంత్రానికి రెండు రకాల కదలిక. తెలుగులో ఇంకో విశేషం ‘ఆడు’: సినిమా వంద రోజులు ఆడుతుంది, గానుగ ఆడుతుంది, మర ఆడుతుంది. నాకు ‘ఆడు’ చాలా విలువైన మాటగా తోస్తుంది. భాగాలు అడ్డు లేకుండా కదలడం దానిలో ఉంది. ఊపిరి ఆడకపోవడం, చెయ్యి ఆడకపోవడం కూడా అందుకే.

సంస్థలను రన్ చేయడం దగ్గర మన పత్రికల్లో ఒక అలవాటు బాగా ముదిరింది: ప్రతిదానికీ ‘నిర్వహించు’. బడి నిర్వహిస్తారు, సభ నిర్వహిస్తారు, పరీక్ష నిర్వహిస్తారు, సర్వే నిర్వహిస్తారు, చివరికి వ్యాపారం కూడా నిర్వహిస్తారు. ఇంగ్లిషులో ఇవి ‘రన్’, ‘హోల్డ్’, ‘కండక్ట్’ అని వేర్వేరు మాటలు. తెలుగులోనూ వేర్వేరే: బడి నడుపుతారు, సభ జరుపుతారు, పరీక్ష పెడతారు, సర్వే చేస్తారు. అన్నిటికీ ఒకే సంస్కృత క్రియ అతికిస్తే ‘రన్’ ఒక్కటే అన్ని పనులూ చేసే ఇంగ్లిషు కంటే మనది పేద భాషలా కనబడుతుంది. అది నిజం కాదు.

పర్యాయపదాల మధ్య గీతలు ఇవి. హోటల్‌ను ‘రన్’ చేసేవాడు దాని మంచిచెడ్డలన్నిటికీ బాధ్యుడు; చాలాసార్లు యజమానే. ‘మేనేజ్’ చేసేవాడు జీతానికి ఉన్నవాడు కావచ్చు. ఉన్న మనుషులతో, డబ్బుతో సర్దుకొస్తాడు. ‘మేనేజ్’కి ‘ఎలాగోలా నెట్టుకురావడం’ అనే ఇంకో అర్థం కూడా ఉంది, అది ‘రన్’కి లేదు. ‘ఆపరేట్’లో సాంకేతికమైన పని ఉంది: లిఫ్టు, క్రేను, విమాన సర్వీసు. ‘అడ్మినిస్టర్’లో నిబంధనల పుస్తకం ఉంది: ట్రస్టు, పరీక్ష, మందు మోతాదు. కంపెనీ అధిపతి గురించి రాస్తూ ‘ఆపరేట్ చేస్తున్నారు’ అంటే ఆయన మీట నొక్కుతున్నట్టు ఉంటుంది.

కంప్యూటర్ల దగ్గర ‘రన్’కి ‘అమలు’ అనే తెలుగు బాగా పాతుకుంది. ఒక ఆదేశం ఇచ్చి అది పూర్తయ్యే సందర్భంలో అది సరిగ్గా సరిపోతుంది. కానీ వెనకాల రోజుల తరబడి పనిచేసే సర్వర్ ‘అమలవుతోంది’ అంటే చట్టం అమలవుతున్నట్టు వినబడుతుంది. అక్కడ ‘నడుస్తోంది’ మేలు. ‘రన్‌టైమ్’ విషయంలోనూ చూసి వాడాలి. సినిమాకైతే అది నిడివి. ప్రోగ్రాముకైతే పూర్తవడానికి పట్టే సమయం కావచ్చు, లేదా ప్రోగ్రాము నడుస్తున్నంత సేపు అన్న దశ కావచ్చు. ‘రన్‌టైమ్ ఎర్రర్’లో ఉన్నది ఈ చివరి అర్థం: కోడ్ తయారైనప్పుడు దొరకని తప్పు, నడుస్తుండగా బయటపడింది.

కదలని పరుగు

రోడ్డు నది వెంబడి రన్ అవుతుంది, గోడ మీద పగులు పైనుంచి కిందికి రన్ అవుతుంది, చెంప మీద మచ్చ అడ్డంగా రన్ అవుతుంది. ఇక్కడ కదిలేది వస్తువు కాదు, చూసేవాడి చూపు. రోడ్డుకి తెలుగులో ‘సాగుతుంది’, ‘పోతుంది’ అనొచ్చు. పగులుకీ మచ్చకీ చలన క్రియే అక్కర్లేదు: ‘గోడకు నిలువునా పగులుంది’, ‘చెంప మీద అడ్డంగా మచ్చ ఉంది’. ‘నిలువునా’, ‘పొడుగునా’, ‘వెంబడి’ లాంటి మాటలే ఆ పరుగును మోస్తాయి. అంకెల దగ్గరా ఇదే పద్ధతి. పుస్తకం 300 పేజీలకు రన్ అయితే మనకు పుస్తకం 300 పేజీలుంది. నష్టం లక్షల్లోకి రన్ అయితే లక్షలకు చేరింది. కుటుంబంలో రన్ అయ్యే జబ్బు వంశపారంపర్యంగా వస్తోంది. గుణమైతే ‘ఆ వంశంలోనే ఉంది’.

గడువుల్లో ‘రన్’ అంటే చెల్లుబాటులో ఉండటం. లీజు ఐదేళ్ళు రన్ అవుతుందంటే ఐదేళ్ళు చెల్లుతుంది. కోర్టు తీర్పుల్లో ఈ మాట పక్కన వచ్చే క్రియావిశేషణాన్ని తప్పక చూడాలి. 7 ఏళ్ళు, 5 ఏళ్ళు అని రెండు జైలుశిక్షలు పడ్డాయనుకుందాం. అవి ‘కంకరెంట్లీ’ రన్ కావాలంటే రెండూ ఒకేసారి మొదలవుతాయి, మొత్తం 7 ఏళ్ళు. ‘కాన్సెక్యుటివ్లీ’ అంటే ఒకటి తర్వాత ఒకటి, మొత్తం 12 ఏళ్ళు. వార్త రాసేవాళ్ళు ఈ ఒక్క మాట వదిలేస్తే ఒక మనిషి జీవితంలో ఐదేళ్ళు తేడా వస్తుంది.

ఎన్నికల్లో అమెరికన్లు పదవికి ‘రన్’ చేస్తారు, బ్రిటిష్‌వాళ్ళు ‘స్టాండ్’ అవుతారు. మనవాళ్ళు నిలబడతారు, పోటీ చేస్తారు, బరిలో దిగుతారు. ‘రన్నింగ్ మేట్’ గుర్రప్పందాల నుంచి వచ్చింది; అధ్యక్ష అభ్యర్థితో కలిసి ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసేవారని అర్థం, తోటి పరుగుగాడని కాదు.

విశేషణం వెంటబెట్టుకున్న రన్

‘డ్రై’, ‘లో’, ‘షార్ట్’, ‘లేట్’, ‘హై’, ‘కోల్డ్’, ‘వైల్డ్’: ఇలాంటి విశేషణం పక్కనే వచ్చినప్పుడు ‘రన్’కి ఇక ‘అవడం’ అన్న అర్థమే మిగులుతుంది. మన నల్లబారడం, మొద్దుబారడం లాంటిదే. తెలుగులో ఇక్కడ విశేషణాన్ని అనువదించకూడదు, ఆ స్థితి మార్పుకు సొంత క్రియ వెతకాలి. ‘రన్ డ్రై’ బావికైతే ఎండిపోవడం, ఇంకిపోవడం. ‘రన్ లో’కి తెలుగులో అందమైన మాట ఉంది: అడుగంటడం. చెరువు అడుగంటుతుంది, సరుకు అడుగంటుతుంది, ఓపిక కూడా అడుగంటుతుంది. ‘రన్ లేట్’ ఆలస్యం అవడం. ఆవేశాలు ‘హై’గా రన్ అయితే పెల్లుబికాయి. రక్తం ‘కోల్డ్’గా రన్ అయితే తెలుగువాడికి రక్తంతో పనిలేదు, ఒళ్ళు జలదరిస్తుంది. ‘రన్ వైల్డ్’ పిల్లలకైతే అదుపు తప్పడం, మొక్కలకైతే అడ్డదిడ్డంగా పెరిగిపోవడం.

‘రన్ షార్ట్’కీ ‘రన్ అవుట్’కీ తేడా గుర్తుంచుకోవాలి. మొదటిది చాలకపోవడం, రెండోది పూర్తిగా అయిపోవడం. ఇంట్లో సరుకు అయిపోతే ‘లేదు’ అనడం అశుభమని పెద్దలు ‘నిండుకుంది’ అంటారు. మాట రూపం నిండడానిదే, అర్థం మాత్రం ఖాళీ అవడం. ‘రన్ అవుట్’కి ఇంతకంటే తెలుగుదనం ఉన్న మాట నాకు దొరకలేదు, కానీ ఇది ఇంటి సరుకులకే నప్పుతుంది, సమయం నిండుకోదు, మించిపోతుంది. ఇంగ్లిషులో ఒక వ్యాకరణపు మెలిక కూడా ఉంది. వస్తువు కర్త అయితే ‘రన్ అవుట్’తో ఆగాలి. మనిషి కర్త అయితే ‘ఆఫ్’ తప్పనిసరి. ఆ ‘ఆఫ్’ బదులు ‘ఆన్’ పెట్టి మనిషి పేరు చేరిస్తే అర్థం ఇంకెక్కడికో పోతుంది: కట్టుకున్నవాళ్ళనో భాగస్వామినో నట్టేట వదిలి పోవడం.

చిన్న మాటల జతలు

ఇవే ఎక్కువమందిని ఇబ్బంది పెడతాయి, కాబట్టి కొంచెం నెమ్మదిగా చూద్దాం. ‘రన్ ఇంటు’ పక్కన గోడ ఉంటే గుద్దుకోవడం, పాత మిత్రుడు ఉంటే తారసపడటం, సమస్య ఉంటే చిక్కుల్లో పడటం, అంకె ఉంటే అంతకు చేరడం. క్రియ మారలేదు, పక్కనున్న నామవాచకమే అర్థం తేల్చింది. ‘రన్ ఓవర్’ వాహనానికైతే మనిషి మీంచి పోవడం, గిన్నెకైతే పొంగిపొర్లడం, సమావేశానికైతే వేళ దాటడం, కాగితాలకైతే ఓసారి పైపైన చూసుకోవడం. ‘రన్ డౌన్’ బ్యాటరీకి ఛార్జి దిగిపోవడం, మనిషికి నీరసపడటం, భవనానికి పాడుబడటం. ఎవరినైనా మాటలతో ‘రన్ డౌన్’ చేస్తే చులకన చేసి మాట్లాడటం. ‘రన్ అప్’ అప్పుతో వస్తే పేరుకుపోయేలా చేయడం. ‘రన్ త్రూ’ నాటకానికైతే మొదటినుంచి చివరిదాకా ఒకసారి వేసి చూడటం, కత్తితో వస్తే పొడిచేయడం, డబ్బుతో వస్తే ఖర్చుపెట్టి ఊడ్చేయడం.

కర్మ ఎక్కడ పెట్టాలన్నదే ఎక్కువగా తప్పే చోటు. వాహనం మనిషి మీంచి పోయిన అర్థంలో సర్వనామం ‘రన్’కీ ‘ఓవర్’కీ మధ్య కూర్చోవచ్చు. ‘రన్ ఇంటు’లో ఎప్పుడూ మధ్యలోకి రాదు. ‘రన్ అవుట్ ఆఫ్’ కూడా విడదీయరానిది. ‘రన్ బై’ అంటే ఒక ఆలోచనను ఎవరికైనా చెప్పి వాళ్ళేమంటారో కనుక్కోవడం. ఇందులో ఆ ఆలోచన తప్పకుండా మధ్యలోనే ఉండాలి. మధ్య నుంచి తీసేస్తే వాళ్ళ పక్కనుంచి పరుగెత్తుకుంటూ పోయినట్టవుతుంది.

చిన్న మాట ముందుకొస్తే మరో మాటే పుడుతుంది. ‘అవుట్‌రన్’ అంటే పరుగులో మించిపోవడం, ‘రన్ అవుట్’తో సంబంధం లేదు. ‘ఓవర్‌రన్’ సైన్యానికైతే ఊరిని ముంచెత్తి పట్టుకోవడం, బడ్జెట్‌కైతే అంచనా దాటడం. ‘రన్-ఆఫ్’ ఎన్నికల్లో ఎవరికీ కావలసిన మెజారిటీ రానప్పుడు మొదటి ఇద్దరి మధ్య జరిగే తుది పోటీ. నేల శాస్త్రంలో భూమిలోకి ఇంకకుండా పైపైన పోయే వాననీరు.

నామవాచకాలు త్వరగా చూసేద్దాం. ‘ట్రయల్ రన్’ ప్రయోగాత్మకంగా నడిపి చూడటం, ‘ప్రింట్ రన్’ ఒక విడతలో అచ్చేసిన ప్రతుల సంఖ్య, ‘ఆన్ ద రన్’ పరారీలో. ‘రన్ ఆఫ్ ద మిల్’ నాణ్యత చూసి వేరు చేయకముందు మిల్లు నుంచి వచ్చిన సరుకు; దాంట్లోంచి ‘సాదాసీదా’ అన్న అర్థం వచ్చింది. ‘బ్యాంక్ రన్’ని ‘బ్యాంకు పరుగు’ అని రాసేస్తే ఏమీ తెలియదు: డిపాజిట్లు వెనక్కి తీసుకోవడానికి జనం ఒక్కసారిగా ఎగబడటం, 2007 సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ శాఖల ముందు వరసలు కట్టినట్టు. ‘ఇన్ ద లాంగ్ రన్’లో పొడవూ లేదు పరుగూ లేదు. దీర్ఘకాలంలో, చివరికి చూస్తే, అని అర్థం. దాన్ని ‘రానురాను’ అంటే కొంచెం పక్కకు పోతుంది, ఎందుకంటే రానురాను అన్నది క్రమంగా మారడం మీద బరువు పెడుతుంది, చివరి లెక్క మీద కాదు.

రన్నింగ్

రూపాలు ‘రన్, రాన్, రన్’. భూత కృదంతం (పాస్ట్ పార్టిసిపుల్) మళ్ళీ మొదటి రూపమే. ‘హావ్’, ‘హాడ్’ తర్వాత ‘రాన్’ రాయడం బాగా చదువుకున్నవాళ్ళు కూడా చేసే తప్పు.

తెలుగులో కలిసిపోయిన ‘రన్నింగ్’ మాటల్లో కొన్ని బయటివాళ్ళకు అర్థం కావు. ‘రన్నింగ్ బస్సు’ని వాళ్ళు ‘మూవింగ్’ బస్సంటారు. ‘రన్నింగ్ నోస్’ని ‘రన్నీ’ నోసంటారు. ‘రన్నింగ్ వాటర్’ అద్దె ప్రకటనలో ఉంటే కుళాయి నీటి సౌకర్యం, ఏటి ఒడ్డున ఉంటే పారే నీరు. ‘రన్నింగ్ టోటల్’ అంటే పడిన ప్రతి అంకెకీ అప్పటికప్పుడు కలుపుకుంటూ వచ్చే మొత్తం. రోజుల లెక్క తర్వాత వచ్చే ‘రన్నింగ్’ అంటే వరసగా: మూడు రోజులు రన్నింగ్ అంటే ఒక రోజూ తప్పకుండా మూడు రోజులు.

వడ్రంగం పనిలో ‘రన్నింగ్ ఫుట్’ దగ్గర డబ్బు తేడా వస్తుంది. అది పొడవు కొలత మాత్రమే, 304.8 మిల్లీమీటర్లు, వెడల్పు ఎంతున్నా లెక్కలోకి రాదు. 10 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉన్న బల్ల 10 రన్నింగ్ ఫీట్, కానీ 20 చదరపు అడుగులు. ధర ఏ కొలతకు చెప్పారో, రన్నింగ్ ఫుట్‌కైతే ఎంత వెడల్పు వరకు ఆ ధర వర్తిస్తుందో కాగితం మీద రాయించుకోకపోతే రెండు పక్షాలూ నిజాయితీగానే వేర్వేరు మొత్తాలు చెబుతాయి.

ఇక ఇదంతా కలిపి ఒకచోట చూడండి. ఈ పేరాలో ఉన్న ప్రతి ప్రధాన క్రియకూ ఇంగ్లిషులో ‘రన్’ వాడొచ్చు, అవసరమైన చోట పక్కన చిన్న మాటతో:

ఆయన ఓ చిన్న ప్రెస్ నడుపుతున్నాడు. యంత్రం రాత్రంతా ఆడుతుంది. పోయిన వారం సిరా నిండుకుంది. కొత్త డబ్బా తెచ్చి వేస్తే తడి కాగితం మీద రంగులు అలుక్కుపోయాయి. మొదటి పేజీలో రావాల్సిన కథనం అచ్చు కాలేదు. నష్టం లక్షకు చేరింది. దారిలో పాత భాగస్వామి తారసపడితే విషయం ఆయన చెవిన వేశాడు. ప్రెస్ లీజు ఇంకా రెండేళ్ళు చెల్లుతుంది, ఓపిక మాత్రం అడుగంటుతోంది.

ఇక్కడ ఎనిమిది వాక్యాల్లో పది ‘రన్’లు ఉన్నాయి. వాటిని వెనక్కి ఇంగ్లిషులోకి మార్చి చూడండి. ‘నిండుకుంది’ దగ్గర కర్త సిరానా, ఆయనా అన్నదాన్ని బట్టి ‘ఆఫ్’ పెట్టాలో వద్దో మీకే తెలుస్తుంది.